మెడ తెగితే ముందు కాలరా, చెయ్యా?

2024 సంక్రాంతికి హైదరాబాద్ లంగర్‌హౌస్ ఫ్లైఓవర్ మీద బైక్‌పై వెళ్తున్న ఓ సైనికుడి మెడను పతంగి మాంజా కోసేసింది. ప్రాణం దక్కలేదు. నైలాన్, సింథటిక్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017 జులైలోనే నిషేధించింది. పేరుకు చైనా మాంజా గానీ తయారీ మన దేశంలోనూ సాగుతోంది. పండగొస్తే దుకాణాల మీద దాడుల వార్తలు మామూలే. దారం తగిలాక, ఆస్పత్రికి చేరేలోపు ఏం చేయాలో మాత్రం ఎవరూ పెద్దగా చెప్పరు.

మెడ గాయంతో వైద్యుల పోరు పాతదే. 1552లో ఫ్రెంచి సర్జన్ ఆంబ్రాజ్ పారే ఓ సైనికుడి మెడలో తెగిన కెరోటిడ్ ధమనిని ముడివేసి రక్తం ఆపాడు. మనిషి బతికాడు గానీ మాట పోయింది, ఒక పక్క చచ్చుబడింది. మెదడుకు రక్తం వెళ్లే పెద్ద దారుల్లో అదొకటి మరి! 1956లో డల్లాస్‌లోని పార్క్‌లాండ్ ఆస్పత్రి వైద్యులు తమ దగ్గరికొచ్చిన మెడ గాయాల రోగుల లెక్కలు తీస్తే, వెంటనే ఆపరేషన్ జరిగినవారిలో 6 శాతం, ఆలస్యమైనవారిలో 35 శాతం చనిపోయారని తేలింది.

ఆపరేషన్ బల్ల దాకా చేర్చేదెలా? 1989 మార్చి 22న అమెరికాలోని బఫెలోలో ఐస్ హాకీ గోల్‌కీపర్ క్లింట్ మలార్చుక్ మెడను స్కేటు బ్లేడు చీల్చింది. మంచు మీద రక్తం చిమ్ముతుంటే జట్టు ట్రైనర్ జిమ్ పిజుటెల్లి పరుగున వచ్చి గాయాన్ని చేత్తో నొక్కిపట్టాడు. వియత్నాం యుద్ధంలో మెడిక్‌గా, అంటే గాయపడ్డ సైనికులకు అక్కడికక్కడే చికిత్స చేసేవాడిగా పనిచేసిన మనిషాయన. మలార్చుక్ బతికాడు.

అంబులెన్సుల అలవాటు వేరు. మెడకు దెబ్బంటే ముందు కాలర్, అంటే మెడ కదలకుండా చుట్టూ బిగించే గట్టి పట్టీ, తొడగాల్సిందే. వాహన ప్రమాదాల్లో వెన్నుపూస విరుగుతుందన్న భయంతో వచ్చిన ఆ పద్ధతి కత్తిపోట్లకూ, తూటా గాయాలకూ పాకింది. 2010లో అమెరికా వైద్యులు 45 వేలకు పైగా పోటు, తూటా గాయాల రికార్డులు పరిశీలిస్తే, కాలర్ లాంటివాటితో వెన్ను కదలకుండా కట్టి తెచ్చినవారిలో 14.7 శాతం, కట్టనివారిలో 7.2 శాతం మరణించారు. కాలరే చంపిందని కాదు. అది బిగించేందుకు నిమిషాలు పోతాయి, కింద కారే రక్తం, ఉబ్బే వాపు కనబడవు.

మాంజా కేసులో ఇంకో చిక్కుంది. మెడ తెగినవాడు బండి మీంచి కూడా పడతాడు, వెన్ను దెబ్బను కొట్టిపారేయలేం. అయినా వరస మారదు, ముందు రక్తం ఆపడమే. రక్తం కారుతున్న చోటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి, మధ్యలో తీసి చూడకుండా ఉంచాలి. మెడ చుట్టూ కట్టు బిగించకూడదు. తలను ఇంకొకరు చేతులతో కదలకుండా పట్టుకోవచ్చు. స్పృహలో ఉండి, ముందుకు వంగితేనే ఊపిరాడుతోందంటే అలాగే ఉండనివ్వాలి. 108కి ఫోన్ చేసేది మూడో మనిషి, నొక్కినవాడు చెయ్యి తీయకూడదు.