స్పెయిన్ తీరంలో పిల్లాజెల్లాతో బయట భోజనం: అపోహలు - వాస్తవాలు

మలగా, అలికాంతే, వలెన్సియా వైపు వచ్చే తెలుగు కుటుంబాలకు ట్రిప్పులు ప్లాన్ చేసి, వెంట తిరగడం నా పని. లండన్, డబ్లిన్, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వచ్చేవాళ్లే ఎక్కువ. వేసవిలో హైదరాబాద్, విజయవాడ నుంచి అమ్మమ్మలు, తాతయ్యలు కూడా వచ్చి కలుస్తారు. బీచ్ గురించి, బస గురించి ఎవరికీ పెద్దగా అనుమానాలుండవు. టెన్షనంతా తిండి దగ్గరే. "ఫ్యామిలీతో వెళ్లదగ్గ రెస్టారెంట్ ఒకటి చెప్పండి" అంటారు. పేరు చెప్పడం తేలికే. కానీ వేళ తప్పి వెళ్తే ఎంత మంచి రెస్టారెంటైనా ఖాళీ కడుపుతోనే పంపిస్తుంది. అందుకే నేను ముందు టైములు చెప్తాను, పేర్లు తర్వాత.

అపోహ: రాత్రి తొమ్మిదైతే గానీ తిండి పెట్టరు, చిన్నపిల్లలతో స్పెయిన్ కుదరదు

ఇది సగమే నిజం. మధ్యాహ్న భోజనం ఒకటిన్నర నుంచి నాలుగు దాకా నడుస్తుంది. ఆ తర్వాత చాలాచోట్ల వంటగది కట్టేస్తారు. తలుపులు తెరిచే ఉంటాయి, జనం కాఫీలు తాగుతూ కూర్చునే ఉంటారు, వేడిగా వండి పెట్టేవాళ్లు మాత్రం ఉండరు. మళ్లీ పొయ్యి వెలిగేది ఎనిమిది, ఎనిమిదిన్నరకు. సముద్రంలో ఆడి ఆడి అలసిపోయిన పిల్లలు ఐదింటికి ఏడుపు లంకించుకునేది సరిగ్గా ఈ మధ్యలోనే.

ఇక్కడివాళ్లు ఆలస్యంగా తింటారని నవ్వుతాం గానీ, గడియారంలోనే ఓ మెలిక ఉంది. 1940లో నియంత ఫ్రాంకో ప్రభుత్వం గడియారాన్ని గంట ముందుకు జరిపి జర్మనీ టైముతో కలిపింది. ఆ తర్వాత దాన్ని వెనక్కి తిప్పినవాళ్లు లేరు. దేశం ఉన్నదేమో ఇంచుమించు లండన్‌కు తిన్నగా కింద, నడిచేదేమో బెర్లిన్ టైముతో. జూన్ చివర్లో మలగాలో పొద్దు గుంకేసరికి తొమ్మిదిన్నర దాటుతుంది. ఇంకా వెలుతురుండగా రాత్రి భోజనం చేయమంటే మనకు మాత్రం సయిస్తుందా?

పిల్లలున్న స్పానిష్ ఇళ్లలో ఏం చేస్తారో మనమూ అదే చేస్తే సరి. రెండింటికి కడుపు నిండా పెద్ద భోజనం. ఆరింటికి మెరియెండా, అంటే మన సాయంత్రం టిఫిన్ లాంటిది. మలగాలో అయితే వేడి చురోలు (నూనెలో వేయించిన పొడుగాటి పిండి కడ్డీలు), ముంచుకోవడానికి చిక్కటి చాక్లెట్. వలెన్సియాలో అయితే చల్లటి ఓర్చాతా, అందులో ముంచుకోవడానికి ఫార్తోన్స్ అనే పొడుగాటి తీపి బన్నులు. ఓర్చాతా తుంగగడ్డల్లాంటి చిన్న దుంపలతో చేస్తారు, పాలు పడవు. దానికి పేరున్న ఊరు వలెన్సియా పక్కనే ఉన్న అల్బొరాయా. ఇలా ఆరింటికి ఏదో ఒకటి కడుపులో పడితే ఎనిమిదిన్నరకు రెండు మూడు చిన్న ప్లేట్లతో పిల్లల రాత్రి భోజనం అయిపోతుంది. రాత్రి పదిన్నరకు చౌరస్తాల్లో పిల్లలు బంతాట ఆడుతుంటే, పక్క టేబుళ్ల దగ్గర పెద్దలు తీరిగ్గా తింటూ కనిపిస్తారు. మీ పిల్లాడు అరిచాడని తలతిప్పి చూసేవాళ్లు తక్కువ.

మధ్యాహ్నం పెద్ద భోజనం చేస్తే డబ్బూ కలిసొస్తుంది. పని దినాల్లో "మెనూ దెల్ దియా" అని పలక మీద రాసిపెడతారు: ఒక స్టార్టర్, ఒక మెయిన్, బ్రెడ్, ఒక డ్రింక్, చివర తీపి లేదా కాఫీ, అన్నీ కలిపి ఒకే ధర. చాలా ఊళ్లలో 12 నుంచి 16 యూరోలకే వస్తుంది. 1960లలో టూరిజం పెరుగుతున్నప్పుడు ప్రభుత్వమే పెట్టించిన ఏర్పాటు ఇది. ఇప్పుడు టూరిస్టులకన్నా ఆఫీసు వాళ్లే దీన్ని ఎక్కువ వాడుకుంటున్నారు.

అపోహ: బార్ అని రాసి ఉంటే పిల్లల్ని తీసుకెళ్లకూడదు

అత్తయ్యగారు, మామయ్యగారు వెంట ఉన్న ప్రతి గ్రూపులోనూ ఎవరో ఒకరు గుమ్మం దగ్గరే ఆగిపోతారు. మన ఊళ్లో బార్ అంటే వేరే కదా. ఇక్కడ పొద్దున స్కూలుకెళ్లే పిల్లలకు టమాటా, ఆలివ్ నూనె పూసిన టోస్ట్ పెట్టేదీ బారే, బామ్మలు కాఫీ తాగేదీ బారే. 2011 జనవరి నుంచి లోపల సిగరెట్ తాగడం నిషేధం. అయితే బయట టేబుళ్ల దగ్గర కాలుస్తారు కాబట్టి, చంటిపిల్ల ఉంటే లోపలే కూర్చోవడం నయం. పిల్లలకు "మోస్తో" అడగండి, పులియని ద్రాక్షరసం. అల్మెరియాలో డ్రింక్ చెప్తే ఒక చిన్న ప్లేటు తిండి కూడా వస్తుంది, కూల్‌డ్రింక్ చెప్పినా సరే. ఏం కావాలో చాలాచోట్ల మీరే ఎంచుకోవచ్చు. పిల్లలతో వెళ్లేవాళ్లకు ఇంతకన్నా చవకైన ఊరు ఈ తీరంలో నాకు తెలిసి లేదు.

అపోహ: కిడ్స్ మెనూ ఉంటేనే ఫ్యామిలీ రెస్టారెంట్

కిడ్స్ మెనూ అంటే ఎక్కడైనా అదే మాకరోనీ, అదే నగ్గెట్స్, అవే ఫ్రెంచ్ ఫ్రైస్. దాని కోసం ఇంతదూరం రావాలా! ఇక్కడివాళ్లు పిల్లలకు వేరే వంట చెప్పరు. అన్ని ప్లేట్లూ టేబుల్ మధ్యలో పెట్టుకుని పంచుకుంటారు. చాలా వంటలకు ఫుల్ ప్లేటుతో పాటు "మెదియా రాసియోన్" ఉంటుంది, అంటే సగం ప్లేటు. సగం తొర్తియా (బంగాళాదుంప, గుడ్డు వేసిన మందపాటి అట్టు), సగం కాల్చిన చికెన్, ఓ గిన్నె గాస్పాచో (చల్లటి టమాటా సూప్) చెప్తే ఇద్దరు పిల్లలకు హాయిగా సరిపోతుంది. పసిపిల్లల ఎత్తు కుర్చీని "త్రోనా" అంటారు. చిన్న హోటళ్లలో ఒకటో రెండో ఉంటాయి, బుక్ చేసేటప్పుడే అడిగేయండి.

అపోహ: బీచ్ పక్కన ఉన్నవన్నీ టూరిస్టుల్ని దోచుకునేవే

ఇసుక మీదే ఉండే భోజనశాలల్ని చిరింగిటోలు అంటారు. మలగా తూర్పున పెద్రెగలెహో, ఎల్ పాలో పేటల్లో ఆదివారం వీటిలో నిండేది ఊరివాళ్లే, మూడు తరాలు ఒకే టేబుల్ దగ్గర. అక్కడ తప్పకుండా చూడాల్సింది ఎస్పెటో. పాత పడవలో ఇసుక నింపి, దాని మీద ఆలివ్ కట్టెల నిప్పులు పోస్తారు. ఐదారు సార్డిన్ చేపల్ని ఒక రెల్లు పుల్లకు గుచ్చి, ఆ పుల్లని నిప్పుల పక్కన ఇసుకలో ఏటవాలుగా పాతుతారు. గాలి ఎటు వీస్తే దాన్ని బట్టి కాల్చే మనిషి పుల్లల్ని జరుపుతూ ఉంటాడు, పొగ చేపకు చుట్టుకోకూడదు, సెగ మాత్రమే తగలాలి. చేప మీద రాళ్ల ఉప్పు తప్ప ఏ మసాలా ఉండదు. చేత్తోనే తినాలి, ఫోర్కు అడిగితే నవ్వుతారు. మే నుంచి ఆగస్టు వరకు సార్డిన్లకు కొవ్వు పట్టి రుచిగా ఉంటాయి. ముళ్లు ఏరుకోలేని చిన్నపిల్లలకు మాత్రం ఉంగరాల్లా కోసి వేయించిన స్క్విడ్ చెప్పండి.

అదే ఎల్ పాలోలో ఎల్ తింతేరో అని ఒక పాత చోటుంది. వెయిటర్లు ప్లేట్లు చేతుల మీద మోసుకుంటూ, వంట పేరు అరుస్తూ టేబుళ్ల మధ్య తిరుగుతారు. కావాల్సింది చెయ్యెత్తి తీసుకోవడమే, చివర ఖాళీ ప్లేట్లు లెక్కపెట్టి బిల్లేస్తారు. పిల్లలకు పండగే. అమ్మానాన్నలు మాత్రం ఎవరు ఎన్నిసార్లు చెయ్యెత్తారో ఓ కన్నేసి ఉంచాలి.

మోసం ఉండదని కాదు. గుమ్మం ముందు నిలబడి రండి రండి అని పిలిచేవాడు, ఎండకు వెలిసిపోయిన పాయెల్లా (వెడల్పాటి పెనంలో వండే ఇక్కడి అన్నం) ఫొటోల బోర్డు, ఈ రెండూ ఒకేచోట కనిపిస్తే ముందుకు నడవండి. పెద్ద చేపల్ని కిలో లెక్కన అమ్ముతారు. మెనూలో ధర బదులు "S/M" అని ఉంటే ఆ రోజు మార్కెట్ ధర అని అర్థం. తూచి, ధర చెప్పాకే వండమనండి. అందులో మొహమాటమేమీ లేదు.

అపోహ: పాయెల్లా ఎక్కడైనా, ఎప్పుడైనా తినొచ్చు

ఊరివాళ్లు దాన్ని మధ్యాహ్నమే తింటారు. వలెన్సియా అసలు పాయెల్లాలో చికెన్, కుందేలు మాంసం, చిక్కుళ్లు పడతాయి, రొయ్యలు పడవు. ఆర్డరిచ్చాక వండాలి కాబట్టి అరగంట పట్టొచ్చు, మామూలుగా ఇద్దరికి తక్కువ చేయరు. కూర్చోగానే చెప్పేయండి. బిర్యానీ ఊహించుకుని వస్తే నిరాశ తప్పదు. బియ్యం పొట్టి గింజ, పల్చటి పొర, కారం లేదు. అడుగంటిన భాగం కోసం మాత్రం అక్కడా కొట్టుకుంటారు. పిల్లలకైతే అలికాంతే వైపు "అర్రోస్ దెల్ సెన్యొరెత్" చెప్పండి. రొయ్యలు, చేపముక్కలు అన్నీ ఒలిచి, ముళ్లు తీసి వేస్తారు, చేతికి పని ఉండదు. రాత్రి పదింటికి ఒక్కరికి ఒక్క ప్లేటు పాయెల్లా ఐదు నిమిషాల్లో వచ్చిందంటే అది ఎలా వచ్చిందో మీకే తెలుస్తుంది.

అపోహ: వెజ్ అని చెప్తే చాలు

చాలదు. "సిన్ కార్నె", అంటే మాంసం వద్దని చెప్పాక కూడా సలాడ్ మీద ట్యూనా వస్తుంది. ఎన్సలాదా మిస్తా అనే మామూలు సలాడ్‌లో అది ఉండనే ఉంటుంది. పప్పులో చోరీసో (పంది మాంసం సాసేజ్) ముక్కలు, బీన్స్ వేపుడులో హామ్ (ఉప్పుపెట్టి ఆరబెట్టిన పంది మాంసం), సల్మొరేహో అనే చల్లటి టమాటా సూప్ మీద హామ్, గుడ్డు. క్రొకెట్లలో (నూనెలో వేయించిన మెత్తటి ఉండలు) ఎక్కువ భాగం హామ్‌వే. మయోర్కా దీవి తీపి బన్ను ఎన్సయిమాదాలో పంది కొవ్వు ఉంటుంది, దాని పేరే ఆ కొవ్వు పేరు నుంచి వచ్చింది. కాబట్టి మూడూ విడివిడిగా చెప్పాలి: సిన్ కార్నె (మాంసం వద్దు), సిన్ పెస్కాదో (చేప వద్దు), సిన్ హమోన్ (హామ్ వద్దు). గొడ్డు మాంసం తినని నాన్‌వెజ్ వాళ్లు మీట్‌బాల్స్ దగ్గర జాగ్రత్త. వాటిలో పంది, గొడ్డు మాంసాలు కలిపే అలవాటుంది.

అయినా ఆకలితో ఉండనక్కర్లేదు. గాస్పాచో, ఆహోబ్లాంకో (బాదం, వెల్లుల్లితో చేసే చల్లటి సూప్), టమాటా టోస్ట్, పాలకూర శనగలు, వేయించిన పద్రోన్ మిరపకాయలు (పదింటిలో ఏదో ఒకటి కారంగా తగులుతుంది), చెరకు పాకం పోసిన వంకాయ వేపుడు. ఈ పాకం మలగా జిల్లాలోని ఫ్రిహిలియానా ఊళ్లో ఇప్పటికీ తయారవుతుంది. వేపుళ్లు చేప వేయించిన నూనెలోనే వేస్తారు చాలాచోట్ల, పట్టింపు ఉంటే ముందే అడగాలి. నిష్ఠగా ఉండే పెద్దవాళ్లు వెంట ఉంటే ఫ్వెన్‌హిరోలా, బెనిదోర్మ్‌లలో ఇండియన్ హోటళ్లకు కొదవ లేదు. రెండు రోజులకోసారి పప్పన్నం తింటే ట్రిప్పు పాడవదు.

అలర్జీ ఉన్న పిల్లలకు మాత్రం పని కొంత తేలిక. యూరోపియన్ యూనియన్ చట్టం ప్రకారం వేరుశనగ, నువ్వులు, గుడ్డు, పాలు, రొయ్యల్లాంటి 14 రకాల గురించి అడిగితే చెప్పి తీరాలి. చాలామంది దగ్గర పట్టికే ఉంటుంది.

అపోహ: నీళ్లు కొనాల్సిందే, టిప్ ఇవ్వాల్సిందే

రెండూ కాదు. 2022 చట్టం ప్రకారం కుళాయి నీళ్లు అడిగితే ఉచితంగా ఇవ్వాలి: "ఆగ్వా దెల్ గ్రీఫో". టిప్ మీ ఇష్టం, చిల్లర వదిలినా చాలు. అడక్కుండా తెచ్చిపెట్టిన బ్రెడ్‌కు మాత్రం బిల్లు పడొచ్చు, వద్దనుకుంటే ముట్టుకోకుండా వెనక్కి పంపండి.

ఇక బుకింగ్. ఆదివారం మధ్యాహ్నం రెండింటికి ఎనిమిది మందితో చిరింగిటోకు చెప్పకుండా వెళ్తే చోటు దొరకదు. శుక్రవారమే ఫోన్ చేయండి, లేదా ఒకటిన్నరకల్లా వెళ్లి కూర్చోండి. ఆ వేళకు నిప్పులు రాజుకుని ఉంటాయి, జనం ఇంకా రారు. సోమవారం చాలా హోటళ్లకు సెలవు.