గ్యాసు బండిలో కదలని ముల్లు

మా బావమరిది ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు చేరవేస్తాడు. పెట్రోలు బండికి ఎల్పీజీ గ్యాస్ కిట్ పెట్టించాడు. మొన్న మే నెలలో ట్యాంకు నింపించినా డ్రైవరు ముందున్న గ్యాసు మీటరు ముల్లు సున్నా దగ్గరే ఉండిపోయింది. "ప్రెషర్ మీటరు పెట్టించుకుంటే సరిపోదా బావా?" అని అడిగాడు.

సరిపోదు. ట్యాంకులో గ్యాసు ఒత్తిడికి లోనై ద్రవంగా ఉంటుంది, దాని మీద కొంత ఆవిరి. ద్రవం రెండు లీటర్లున్నా ఇరవై లీటర్లున్నా ఆ ఆవిరి పీడనం మారదు. దాన్ని మార్చేది వేడి. ఈ గ్యాసులో ఉండే ప్రొపేన్‌నే తీసుకుంటే, 20 డిగ్రీల వద్ద వాతావరణ పీడనానికి ఎనిమిది రెట్లకు పైగా ఉండేది 40 డిగ్రీల వద్ద పదమూడు రెట్లు దాటుతుంది. వరంగల్ ఎండలో ప్రెషర్ మీటరు చూపేది గ్యాసును కాదు, మధ్యాహ్నాన్ని.

అందుకే ద్రవం ఎత్తునే చూడాలి. వంటింటి సిలిండర్‌ను తడిగుడ్డతో తుడిచి, తడి ఎక్కడిదాకా ఆరకుండా నిలిచిందో చూసే ఇల్లాలు చేసేదీ అదే. బండి ట్యాంకులో ఆ పని ఫ్లోటుది. అది తేలుతూ పైకీ కిందికీ కదిలితే ఒక చిన్న అయస్కాంతం తిరుగుతుంది. బయట, ట్యాంకు మీదే ఉన్న డయల్‌లోని మరో అయస్కాంతం, మధ్యలో లోహపు గోడ ఉన్నా, దాన్ని అనుసరిస్తుంది. అది తిరిగే కొద్దీ డయల్‌లోని విద్యుత్ నిరోధం మారుతుంది, తీగల ద్వారా డ్రైవరు ముందున్న ముల్లును కదిపేది అదే. సూది మొనంత రంధ్రం కూడా లేకుండా లోపలి సంగతి బయటికి వస్తుంది. నాకు ఎంతో ఇష్టమైన ఏర్పాటు ఇది.

ఆరుబయట బండి ఆపి, వాల్వు మూతపెట్టె తెరిచాం. డయల్ ముప్పావు పైన చూపుతోంది. వ్యాకోచానికి చోటుండాలని ట్యాంకును 80 శాతమే నింపుతారు కనుక అది సరైన లెక్కే. అంటే ఫ్లోటు బాగానే ఉంది, లోపం తీగల వైపు. డయల్‌ను పట్టి ఉంచే రెండు చిన్న స్క్రూలు విప్పి, దాని అడుగున కడ్డీ అయస్కాంతం తిప్పాను. నిరోధం కొలిచే మల్టీమీటర్‌లో అంకె ఎక్కడా ఎగిరిపడకుండా 90 ఓముల నుంచి సున్నా దాకా దిగింది. (పక్కనున్న పెద్ద బోల్టుల జోలికి మాత్రం ఎవరూ వెళ్లకూడదు. వాటి వెనక ఉన్నది ఆ పదమూడు రెట్ల పీడనం. బయటపడిన గ్యాసు గాలికన్నా బరువు, నేలబారున పేరుకుంటుంది.)

అంటే డయల్ కూడా బాగానే ఉంది. ఇక మిగిలింది ఎర్త్, అంటే డయల్‌ను బ్యాటరీ నెగెటివ్‌కు కలిపే దారి. బ్యాటరీ నెగెటివ్ నుంచి విడిగా ఒక తీగ లాగి తగిలించగానే ముల్లు లేచింది. పాత ఎర్త్ తీగ చివరి రింగును విప్పితే కింద తుప్పు, దాని మీద మిర్చి దుమ్ము. ఆ కిట్‌లో 90 ఓములంటే ఖాళీ, సున్నా అంటే నిండు. తుప్పు కూడా నిరోధమే కాబట్టి, అది తోడై నిండు ట్యాంకు ఖాళీగా కనిపించింది. లెక్క తలకిందులుగా ఉండే కిట్లూ ఉన్నాయి. వాటిలో ఇదే తుప్పు ఖాళీ ట్యాంకును నిండుగా చూపుతుంది, బండి ములుగు రోడ్డు మధ్యలో ఆగుతుంది.

రింగును గరుకు కాగితంతో రుద్ది బిగించాం. బావమరిదికి ఇంకొక్కటి చెప్పాను: పడుకోబెట్టిన సిలిండర్ లాంటి ట్యాంకులో ద్రవం పావు ఎత్తులో ఉంటే, ఉన్నది పావు వంతు కాదు, దాదాపు ఐదో వంతే.