మాత్ర మానేస్తే కిడ్నీ బాగుపడుతుందా? కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

గత నెలలో ఒక పెద్దాయన నా ఎదుట కూర్చుని, చొక్కా జేబులోంచి సగం వాడిన మాత్రల స్ట్రిప్ ఒకటి తీసి బల్ల మీద పెట్టారు. పదిహేను మాత్రలలో తొమ్మిది అలాగే ఉన్నాయి. వెనకవైపు రేకు మీద అచ్చు సగం చెరిగిపోయింది. ఎనిమిది నెలల క్రితం ఆ మాత్ర మొదలుపెట్టిన మూడో వారంలో క్రియాటినిన్ (కిడ్నీలు రక్తంలోంచి తీసేయవలసిన వ్యర్థం) 1.4 నుంచి 1.6కు చేరిందనీ, రిపోర్టులో ఆ అంకె మందపాటి అచ్చులో కనబడేసరికి ఆ రోజే మానేశారనీ ఆయన కూతురు చెప్పింది. “నాన్నగారి కిడ్నీలు కాపాడుకుందామనే ఆపించాం డాక్టరు గారూ” అన్నది. ఇప్పుడు క్రియాటినిన్ 2.3 ఉంది. మూత్రంలో పోయే అల్బుమిన్ అనే ప్రొటీన్ మూడింతలైంది. ఆ మాత్ర పేరు టెల్మిసార్టన్, బీపీ మందు.

ఇలాంటి కథ నేను వారంలో రెండు మూడు సార్లయినా వింటాను. “బీపీ మాత్రలు, షుగరు మాత్రలు కిడ్నీలను తినేస్తాయి” అన్న వదంతి వల్ల నా వృత్తిలో నేను చూసిన నష్టం మరే వదంతి వల్లా చూడలేదు. దాన్ని చిలవలు పలవలుగా పెంచి పంచేవారి విషయంలో నాకు ఓపిక అడుగంటి చాలా కాలమైంది. నమ్మి భయపడినవారి మీద మాత్రం కోపం రాదు, ఎందుకంటే మాత్ర మింగాక అంకె పెరగడాన్ని వాళ్లు కళ్లారా చూశారు. చూసింది నిజమే, దాని అర్థమే వేరు.

కిడ్నీలో రక్తాన్ని వడకట్టే గ్లోమెరులస్ సన్నని రక్తనాళాల చుట్ట. అందులోకి రక్తం తెచ్చే నాళం ఒకటి, బయటికి తీసుకుపోయే నాళం మరొకటి. షుగరు జబ్బులోనూ, చాలా రకాల దీర్ఘకాలిక కిడ్నీ జబ్బులలోనూ బయటికి పోయే నాళాన్ని యాంజియోటెన్సిన్-2 అనే హార్మోను బిగించి ఉంచుతుంది. దాంతో చుట్ట లోపల పీడనం పెరిగి, మిగిలిన గ్లోమెరులస్‌లు శక్తికి మించి వడకడుతుంటాయి. కాగితం మీద క్రియాటినిన్ చూడముచ్చటగా ఉంటుంది. ఆ పీడనమే జల్లెడ కన్నాలను సాగదీసి, అల్బుమిన్‌ను మూత్రంలోకి జారనిచ్చి, ఏళ్ల మీద ఒక్కొక్క గ్లోమెరులస్‌ను పనికిరాని మచ్చగా మార్చేస్తుంది. రామిప్రిల్ వంటి ఏసీఈ ఇన్హిబిటర్లూ, లోసార్టన్, టెల్మిసార్టన్ వంటి ఏఆర్‌బీలూ అనే రెండు రకాల బీపీ మందులు ఆ బిగింపును సడలిస్తాయి. పీడనం దిగుతుంది, వడపోత కొంచెం నెమ్మదిస్తుంది, క్రియాటినిన్ కొంచెం పెరుగుతుంది. పరుగెత్తిస్తున్న ముసలి ఎద్దును నడవనిస్తే బండి వేగం తగ్గుతుంది, ఎద్దు మరికొన్నేళ్లు బతుకుతుంది. ఇక్కడ జరిగేదీ అదే.

ఇది పుస్తకాల లెక్కతో ఆగిపోయిన సంగతి కాదు. 1993లో వెలువడిన అధ్యయనంలో టైప్-1 షుగరుతో కిడ్నీ దెబ్బతిన్న 409 మందిలో క్యాప్టోప్రిల్ వాడినవారికి మరణం, డయాలిసిస్, కిడ్నీ మార్పిడి, ఈ మూడూ కలిపిన ముప్పు సగానికి తగ్గింది. 2001లో టైప్-2 షుగరు ఉన్న 1513 మందిపై జరిగిన రెనాల్ అధ్యయనంలో లోసార్టన్ వల్ల కిడ్నీ పూర్తిగా విఫలమయ్యే ముప్పు 28 శాతం తగ్గింది. అయినా, జబ్బు బాగా ముదిరాక ఈ మందులు ఆపేస్తే వడపోత కాస్త కోలుకుంటుందేమో అన్న అనుమానం వైద్యులలోనే చాలా కాలం ఉండేది. దాన్ని తేల్చడానికి బ్రిటన్‌లో ఈజీఎఫ్ఆర్ (కిడ్నీల వడపోత వేగం అంచనా, తగ్గేకొద్దీ జబ్బు ముదిరినట్టు) 30 కన్నా తక్కువ ఉన్న 411 మందిని రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి మందు ఆపి, రెండో వర్గానికి కొనసాగించి మూడేళ్లు చూశారు. 2022లో ఫలితం వచ్చింది: ఆపినవారి కిడ్నీ ఏమీ మెరుగుపడలేదు.

ఈ మధ్య వచ్చిన ఎస్‌జీఎల్‌టీ2 ఇన్హిబిటర్లు అనే షుగరు మందులదీ ఇదే కథ. డపాగ్లిఫ్లోజిన్‌ను 2020లో 4304 మందిలోనూ, ఎంపాగ్లిఫ్లోజిన్‌ను ఆ తరువాత 6609 మందిలోనూ పరీక్షించినప్పుడు కిడ్నీ జబ్బు ముదరడం స్పష్టంగా మందగించింది. వీరిలో షుగరు లేనివారు మొదటి అధ్యయనంలో మూడో వంతు, రెండో అధ్యయనంలో సగానికి పైగా. ఈ మందులు గ్లోమెరులస్‌లోకి వచ్చే నాళాన్ని కొంచెం కుదిస్తాయి కాబట్టి వీటితోనూ మొదటి వారాల్లో ఈజీఎఫ్ఆర్ ఒక మెట్టు దిగుతుంది. ఆ తరువాత పడిపోయే వేగం తగ్గి, ఒకటి రెండేళ్లు గడిచేసరికి మందు వాడనివారి గీత వీరి గీతను దాటి కిందికి పోతుంది. మొదటి నెలలోనే భయపడి ఆపినవారు దిగిన ఆ మెట్టును మాత్రమే చూస్తారు.

ఇతరులను తప్పుపట్టే ముందు నా సంగతి చెప్పాలి. నెఫ్రాలజీ (కిడ్నీ వైద్యం) చదువుతున్న రోజుల్లో ఒక నైట్ డ్యూటీలో, బీపీ మందు కొత్తగా మొదలుపెట్టిన ఒకావిడ రిపోర్టులో క్రియాటినిన్ 1.5 నుంచి 1.8 అయిందని చూసి, ఎవరినీ అడగకుండా మందు కొట్టేశాను. కేస్ షీటులో ఆ పేరు మీద గీసిన అడ్డగీత నాకిప్పటికీ గుర్తుంది. పెన్ను నొక్కిన గట్టిదనానికి కాగితం చిరిగింది. మర్నాడు రౌండ్స్‌లో మా ప్రొఫెసర్ గారు ఆ షీటు తిరగేసి, “పెరిగింది ఎంత శాతం?” అని ఒక్కటే ప్రశ్న అడిగారు. ఇరవై శాతం. నేను లెక్క వేయనే లేదు.

లెక్క ఇది. ఏసీఈ ఇన్హిబిటర్ గానీ ఏఆర్‌బీ గానీ మొదలుపెట్టినా, మోతాదు పెంచినా రెండు నుంచి నాలుగు వారాలలోపు క్రియాటినిన్, పొటాషియం పరీక్షించాలి. క్రియాటినిన్ మునుపటి కన్నా 30 శాతం లోపు పెరిగి, అక్కడ నిలబడి, పొటాషియం అదుపులో ఉంటే మందు కొనసాగాలి. అంటే 1.4 ఉన్నవారికి 1.8 వరకు వచ్చినా గుండెలు బాదుకోనక్కర్లేదు. 30 శాతం దాటితే అప్పుడు కారణం వెతకాలి: ఒంట్లో నీరు తగ్గిందా, నొప్పి మాత్రలేమైనా పక్కన నడుస్తున్నాయా, కిడ్నీకి వెళ్లే ధమని సన్నబడిందా అని. పొటాషియం పెరిగినా చాలాసార్లు ఆహారంతోనూ ఇతర మందులతోనూ సరిదిద్దుకునే వీలుంటుంది.

ఆపవలసిన సందర్భాలు లేకపోలేదు. వాంతులు, విరేచనాలు పట్టుకుని నీళ్లు కూడా నిలవనప్పుడు ఈ బీపీ మందులనూ, ఎస్‌జీఎల్‌టీ2 మందులనూ వైద్యుణ్ణి అడిగి కొద్ది రోజులు ఆపి, తేరుకున్నాక మళ్లీ మొదలుపెట్టాలి. గర్భం దాల్చినవారు ఏసీఈ ఇన్హిబిటర్లూ ఏఆర్‌బీలూ వాడకూడదు. పెద్ద ఆపరేషన్‌కు ముందు ఎస్‌జీఎల్‌టీ2 మందును కొన్ని రోజులు నిలుపుతాం. నేను చూసే చిక్కు ఎక్కువగా “మళ్లీ మొదలుపెట్టాలి” అన్న దగ్గర వస్తుంది. ఆపడం అందరికీ గుర్తుంటుంది.

ఈ వదంతికి 2020లో ఒక వైరస్ తోడైంది. కోవిడ్ వైరస్ మన కణాల్లోకి ఏసీఈ2 అనే ప్రొటీన్‌ను పట్టుకుని ప్రవేశిస్తుంది. ఏసీఈ ఇన్హిబిటర్లు, ఏఆర్‌బీలు ఇచ్చిన కొన్ని జంతువులలో ఏసీఈ2 పెరిగినట్లు పాత ప్రయోగాలు చూపాయి. ఈ రెండూ కలిపి “బీపీ మాత్ర వైరస్‌కు తలుపు తీస్తుంది” అని ప్రచారం చేశారు. ఆ నెలల్లో నా ఫోను మోగని గంట లేదు. అప్పటికి చేతిలో రుజువు లేదు, అయినా ఆపవద్దనే చెప్పాను. చెబుతూ నేనూ భయపడ్డాను. తరువాత బ్రెజిల్‌లో ఆసుపత్రిలో చేరిన 659 మంది కోవిడ్ రోగులలో సగం మందికి ఆ మందులు ఆపి, సగం మందికి కొనసాగించి చూస్తే, ప్రాణాలతో ఆసుపత్రి బయట గడిపిన రోజులలో ఏ తేడా లేదని 2021లో ప్రచురితమైంది. ఎలుకలో కనిపించినది మనిషిలో అంతే జరుగుతుందని ఊహించి మాత్ర మానేసినవారికి మిగిలినది పెరిగిన బీపీ ఒక్కటే.

అపోహ: ఒళ్లు నొప్పులకు వేసుకునే మాత్ర చిన్నదే కదా.

బీపీ మాత్రకు భయపడేవారే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటివి నెలల తరబడి మింగడం చూస్తే తాడును చూసి పామని జడుసుకుని, పాము మీద కాలేసినట్టు అనిపిస్తుంది. కిడ్నీలోకి రక్తం తెచ్చే నాళాన్ని తెరిచి ఉంచేవి ఒంట్లో తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు. ఈ మాత్రలు వాటి తయారీనే ఆపేస్తాయి. ఏఆర్‌బీ, నీరు తీసే మందు వాడుతున్నవారు పైన నొప్పి మాత్ర కూడా వేసుకుంటే గోరుచుట్టు మీద రోకటి పోటే. కిడ్నీ జబ్బు ఉన్నవారికి పారాసిటమాల్ సరైన మోతాదులో సాధారణంగా మేలు.

అపోహ: మూలికలకు దుష్ఫలితాలు ఉండవు.

1990ల తొలినాళ్లలో బెల్జియంలో బరువు తగ్గడానికి మూలికల గుళికలు వాడిన స్త్రీలలో ఒకరి తరువాత ఒకరికి కిడ్నీలు విఫలమయ్యాయి. ఒక మూలిక స్థానంలో అరిస్టోలోకియా జాతి మొక్క వచ్చి చేరడం కారణం. అందులోని అరిస్టోలోకిక్ ఆమ్లం కిడ్నీ నాళికలను నాశనం చేయడమే గాక, మూత్రనాళాలలో క్యాన్సర్‌నూ కలిగిస్తుంది. అంత మాత్రాన మందుల దుకాణం నుంచి వచ్చేదంతా అమృతమని నేను అనను. 1937లో అమెరికాలో సల్ఫానిలమైడ్ సిరప్‌కు ద్రావకంగా డైఇథిలిన్ గ్లైకాల్ వాడటం వల్ల వంద మందికి పైగా చనిపోయారు, అదే విషం 2022లో గాంబియాలో పిల్లల దగ్గు మందులలో మళ్లీ బయటపడింది. మందుల భద్రత గురించి అడగవలసిన ప్రశ్నలు చాలా ఉన్నాయి. టెల్మిసార్టన్ స్ట్రిప్ వాటిలో అన్నిటికన్నా కింద ఉంటుంది.

మిగిలినవి త్వరగా చెప్పేస్తాను. నీళ్లు ఎంత ఎక్కువ తాగితే కిడ్నీ అంత శుభ్రపడుతుందన్నది నిజం కాదు. కిడ్నీ జబ్బు ఉన్న 631 మందిపై జరిపి 2018లో ప్రచురించిన అధ్యయనంలో రోజూ అదనంగా నీళ్లు తాగమని ప్రోత్సహించినా ఏడాది తరువాత ఈజీఎఫ్ఆర్ తగ్గుదల మందగించలేదు. రాళ్లు ఏర్పడే గుణం ఉన్నవారి సంగతి వేరు, వారు తాగాలి. షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ కిడ్నీని పాడుచేయదు, పాడైన కిడ్నీ మెట్‌ఫార్మిన్‌ను బయటికి పంపలేదు. అందుకే ఈజీఎఫ్ఆర్ 30 కన్నా దిగితే ఆపుతాం. ఒకసారి డయాలిసిస్ ఎక్కితే ఇక దిగడం ఉండదన్నది హఠాత్తుగా కిడ్నీలు దెబ్బతిన్నవారి విషయంలో అబద్ధం, వారిలో చాలామంది కోలుకుని ఆపేస్తారు.

జంతువుల వైరస్‌ల గురించి ఇటీవల ప్రశ్నలు పెరిగాయి. కిడ్నీని నిజంగానే దెబ్బతీసే జంతు వైరస్ కావాలంటే హంటావైరస్ ఉంది. అది ఎలుకల మూత్రం, మలం ఎండి కలిసిన దుమ్మును పీల్చడం వల్ల సోకుతుంది. కొరియా యుద్ధంలో 3 వేల మందికి పైగా సైనికులు జ్వరం, రక్తస్రావం, కిడ్నీ వైఫల్యంతో మంచం పట్టినది దీనితోనే. ఎలుకలు తిరిగిన గదిని పొడిగా ఊడ్వకుండా, క్రిమిసంహారక ద్రవంతో తడిపి తుడవాలి. దీని గురించి మాత్రం నన్ను ఎవరూ అడగరు. అందరూ అడిగేది మనిషికి అమర్చే పంది కిడ్నీ గురించి.

పంది జన్యువులలోనే ఇమిడిపోయిన రెట్రోవైరస్‌లు ఉంటాయి, వాటిని పెర్వ్‌లంటారు. అవి ప్రయోగశాలలో మనిషి కణాలకు సోకగలవని 1997లో తేలింది కాబట్టి భయం ఊరికే పుట్టలేదు. అయితే పంది కణజాలంతో చికిత్స పొందినవారిలో అవి సోకిన దాఖలా ఇంతవరకు లేదు. 2024 మార్చిలో బోస్టన్‌లో ఒక వ్యక్తికి అమర్చిన పంది కిడ్నీలో, జన్యువులను కత్తిరించి మార్చే క్రిస్పర్ పద్ధతితో 69 మార్పులు చేశారు, వాటిలో 59 ఈ పెర్వ్‌లను నిర్వీర్యం చేయడానికే. అసలు జాగ్రత్త పడవలసింది దాగి ఉండే వైరస్‌ల విషయంలో. 2022లో అమెరికాలో అమర్చిన పంది గుండెలో పంది సైటోమెగలోవైరస్ తరువాత బయటపడింది. ముందు చేసిన పరీక్షలకు అది చిక్కలేదు. అది మనిషి కణాలకు సోకిందని తేలలేదు గాని, అమర్చిన గుండెను దెబ్బతీయడంలో దాని పాత్ర ఉండవచ్చన్న అనుమానం బలంగా ఉంది. దాతలైన పందులను ఇప్పుడు మరింత నిశితమైన పరీక్షలతో వడపోస్తున్నారు.

ఆరేళ్లుగా డయాలిసిస్ మీద ఉన్న ఒకావిడ మొన్న, సూదులు పెట్టించుకుంటూనే, “పంది కిడ్నీకి వైరస్‌లు ఉంటాయట కదా డాక్టరు గారూ” అన్నది. భయపడుతోందనుకుని, పక్కన స్టూలు లాక్కుని కూర్చుని పావుగంట సేపు పెర్వ్‌లనూ, క్రిస్పర్‌నూ ఓపికగా వివరించాను. అంతా విని, “అది సరేనండీ, నా పేరు ఎక్కడ రాయించుకోవాలో చెప్పండి” అన్నది. అమెరికాలో 2025లో అనుమతి పొందిన ట్రయల్స్ కొద్దిమందితోనే నడుస్తున్నాయనీ, ఆ ఏడాదే ఒకరికి అమర్చిన పంది కిడ్నీ దాదాపు తొమ్మిది నెలలు పనిచేసి తీసివేయవలసి వచ్చిందనీ, ట్రయల్స్ బయట ఎక్కడా పేరు రాయించుకునే జాబితా ఇంకా లేదనీ చెప్పాను. “తొమ్మిది నెలలా!” అని వేళ్ల మీద లెక్కపెట్టి, వారానికి మూడు చొప్పున ఎన్ని డయాలిసిస్‌లు తప్పుతాయో నన్ను అడిగింది. నూరు దాటుతాయన్నాను.