పై చెరువుకు గండి పడితే

“క్లౌడ్‌లో పెట్టిన ఫోటోలకు మూడు కాపీలు ఉంటాయట కదా, ఒకటి పోయినా రెండు మిగులుతాయి. ఇంకా భయం దేనికి?” అని ఒక పాఠకురాలు అడిగారు. క్లౌడ్ అంటే ఇంటర్నెట్ ద్వారా మనం వాడుకునే వేరే కంపెనీ కంప్యూటర్లే. తిరకాసంతా ఆ మూడు కాపీల లెక్కలోనే ఉంది.

ఒక కాపీ ఏడాదిలో పోయే అవకాశం నూటికి ఒకటి అనుకుంటే, మూడూ పోయే అవకాశం పది లక్షలకు ఒకటి. కానీ ఒకటి పోవడానికీ ఇంకొకటి పోవడానికీ సంబంధం లేనప్పుడే ఈ గుణకారం చెల్లుతుంది. ఇంటర్ పిల్లలకు సంభావ్యత చెప్పేటప్పుడు ఈ షరతును ఒక్క ముక్కలో దాటేసి నాణేలు ఎగరేయిస్తాం. పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైన ముక్క అదే!

తెలంగాణలో కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువులున్నాయి కదా. పై చెరువు నిండితే అలుగు పారి కింది చెరువుకు నీళ్ళొస్తాయి. మామూలు రోజుల్లో అదే వాటి బలం. పై చెరువుకు గండి పడిందా, ఆ ఉధృతికి కింది కట్టలూ వరసగా తెగుతాయి. పది చెరువులున్నాయని పదింతల ధైర్యం ఉండదు.

2025 అక్టోబర్ 20, దీపావళి నాడు మనకు మధ్యాహ్నం, అమెరికాలోని ఉత్తర వర్జీనియాలో అమెజాన్ క్లౌడ్‌కు ఇలాగే గండి పడింది. డైనమోడీబీ అనే డేటాబేస్ పేరును అంకెల చిరునామాలతో ముడిపెట్టే డీఎన్ఎస్ పట్టికను రాసే ప్రోగ్రాములు మూడు, ఒకదానితో ఒకటి నిమిత్తం లేకుండా నడుస్తున్నాయి. ఒకటి వెనకబడి పాత పట్టికను కొత్తదాని మీద రాసింది. సరిగ్గా అదే సమయానికి రెండోది పాతవన్నీ తుడిచేస్తూ దాన్నీ తుడిచేసింది. పేరు ఉంది, చిరునామా లేదు. డేటాబేస్ నిక్షేపంగా ఉన్నా దాని దగ్గరికి వెళ్ళే దారి మాయమైంది. స్నాప్‌చాట్, సిగ్నల్, రోబ్లాక్స్ వంటి యాప్‌లు మొరాయించాయి.

దాదాపు మూడు గంటల్లో ఆ గండి పూడ్చారు. కింది చెరువుల కథ అప్పుడు మొదలైంది. వర్చువల్ సర్వర్లను, అంటే ఒకే పెద్ద యంత్రంలో సాఫ్ట్‌వేర్‌తో విడదీసి అద్దెకిచ్చే కంప్యూటర్లను, నడిపించే వ్యవస్థ ప్రతి యంత్రంతోనూ ఒక గడువు ఒప్పందం పెట్టుకుంటుంది. ఆ మూడు గంటల్లో డేటాబేస్ అందక గడువులు తీరిపోయాయి. అన్నిటినీ ఒక్కసారే తిరిగి కుదుర్చుకోబోతే, ఒకటి పూర్తయ్యేలోపే దాని వేళ మించిపోయి మళ్ళీ వరసలోకి వచ్చేది. చివరికి ఇంజినీర్లు అలుగు ఎత్తు సరిచేసినట్టు, వచ్చే అభ్యర్థనలను కొలిచి వదిలారు. కొత్త సర్వర్లు పూర్తిగా మామూలుగా దొరికేసరికి మనకు తెల్లవారుజాము రెండు దాటింది. దసరాకు సర్వర్లకు బొట్టుపెట్టి నిమ్మకాయ కట్టే ఆఫీసులు మన దగ్గర ఉన్నాయి. నాకేం అభ్యంతరం లేదు. ఈ సర్వర్ దేని మీద ఆధారపడి ఉందో కూడా ఆ రోజే ఒక కాగితం మీద రాసి పెడితే బాగుంటుంది.

కాపీలు దూరంగా ఉంటే చాలదా? ఆస్ట్రేలియాలోని యూనిసూపర్ అనే పింఛను నిధి డేటా గూగుల్ క్లౌడ్‌లో రెండు చోట్ల ఉండేది. ఏర్పాటు చేసేటప్పుడు ఒక గడి ఖాళీగా వదిలేయడంతో ఏడాది గడువు దానంతటదే పడిపోయింది. 2024 మేలో, ఆ గడువు తీరాక, రెండు చోట్లా తుడిచిపెట్టుకుపోయింది. కట్టలు రెండైనా తూము తాళం ఒకటే! విడిగా దాచిన బ్యాకప్‌లు, అంటే అదనపు కాపీలు, ఆదుకున్నాయి. దక్షిణ కొరియాకు ఆ అదృష్టం లేదు. 2025 సెప్టెంబర్‌లో దేజాన్‌లోని ప్రభుత్వ డేటా సెంటర్‌లో బ్యాటరీలు అంటుకుని, ఉద్యోగుల ఫైళ్ళు దాచే జీ-డ్రైవ్‌లోని 858 టెరాబైట్లు కాలిపోయాయి. మరీ పెద్దదని దానికి బయట కాపీ పెట్టలేదు.

ఇక ఆ పాఠకురాలి ఫోటోలు. ఫోనుకూ క్లౌడ్‌కూ మధ్య జరిగేది సింక్, అంటే రెండు చోట్లా ఒకేలా ఉంచడం. ఇక్కడ తుడిస్తే అక్కడా పోతుంది కాబట్టి అది రెండో కాపీ కిందికి రాదు. ఆరు నెలలకోసారి హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించి, తీగ పీకేసి, వీలైతే అమ్మగారింట్లో పెట్టుకోవాలి. ఆ డిస్క్‌కు ఖాతా లేదు, పాస్‌వర్డ్ మరిచిపోతే తాళం పడే బెడదా లేదు.