ఎంజైమ్ సాంద్రత 1.35: ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చింది?

హైదరాబాద్‌లో తార్నాక నుంచి ఉప్పల్ వెళ్లే దారిలో రాళ్లను, భూగర్భాన్ని పరిశోధించే ఎన్‌జీఆర్‌ఐ, కణాలను, ప్రొటీన్లను పరిశోధించే సీసీఎంబీ ఒకే రోడ్డు మీద ఉన్నాయి. రాతి సాంద్రత కనుక్కోవడం చిక్కుముడేమీ కాదు. గ్రానైట్ ముక్కను గాలిలో ఒకసారి, నీటిలో వేలాడదీసి మరోసారి తూస్తే ఘన సెంటీమీటరుకు 2.65 గ్రాముల దరిదాపుల్లో లెక్క తేలుతుంది. జీవకణాల్లో రసాయన చర్యలను వేగపరిచే ఎంజైమ్‌ను అలా తూచలేం, నీటిలో వేయగానే కరిగిపోతుంది. సీసాలో కొన్న పొడిని కొలిస్తే గింజల మధ్య గాలినీ, వదలని తేమనూ కలిపి కొలిచినట్టవుతుంది. అందుకే ఎంజైమ్ సాంద్రత ఎంతని అడిగితే చాలామంది కొలవకుండానే 1.35 అంటారు.

1926లో జేమ్స్ సమ్నర్ చిక్కుడు కుటుంబానికి చెందిన జాక్ బీన్ గింజల నుంచి యూరియేజ్ అనే ఎంజైమ్‌ను స్ఫటికంగా రాబట్టేదాకా ఎంజైమ్ అంటే ప్రొటీనేనన్న నమ్మకం కూడా స్థిరపడలేదు. అదే కాలంలో స్వీడన్‌లోని ఉప్సలాలో థియొడోర్ స్వెడ్‌బెర్గ్, ద్రావణాన్ని అతివేగంగా తిప్పే అల్ట్రాసెంట్రిఫ్యూజ్ యంత్రంతో ప్రొటీన్ల అణుభారాలు తేలుస్తున్నాడు. గిర్రున తిరిగే గొట్టంలో అణువు ఎంత వేగంగా కిందికి దిగుతుందన్నది దాని బరువు మీదే కాక, అది పక్కకు నెట్టే ద్రవం మీద కూడా ఆధారపడుతుంది. కాబట్టి ఒక గ్రాము ప్రొటీన్‌ను కలిపినప్పుడు ద్రావణం ఘనపరిమాణం ఎంత పెరుగుతుందో ఆయనకు తెలియాల్సివచ్చింది. పాక్షిక విశిష్ట ఘనపరిమాణం అనే ఈ రాశి చాలా ప్రొటీన్లకు గ్రాముకు 0.73 ఘన సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. నిజానికి మనం సాంద్రత అంటున్నది దీన్ని తిరగేస్తే వచ్చేదే: 0.74ను తిరగేస్తే 1.35, 0.73ను తిరగేస్తే 1.37.

ఇంత చిన్న తేడాను పట్టించుకోవాలా? స్వెడ్‌బెర్గ్ లెక్కలో తప్పక పట్టించుకోవాలి. నీటిలో ఉత్ప్లవనం, అంటే ద్రవం పైకి నెట్టే బలం, పోగా మిగిలే వాటా, 0.73 అనుకుంటే 0.27, 0.74 అనుకుంటే 0.26. భాగించేది ఈ మిగులుతోనే కనుక 0.01 తేడా అణుభారంలో దాదాపు నాలుగు శాతంగా పెరిగి కూర్చుంటుంది.

కొలవడానికి సరిపడా పదార్థం చేతిలో లేనివారికి ఎడ్విన్ కోన్, జాన్ ఎడ్సాల్ 1943లో దారి చూపారు: ప్రొటీన్‌లో ఏ అమైనో ఆమ్లం బరువులో ఎంత వంతు ఉందో తెలిస్తే, ఒక్కోదాని పాక్షిక విశిష్ట ఘనపరిమాణాన్ని ఆ వంతుతో గుణించి కూడితే చాలు. లూసిన్‌కు 0.90, లైసిన్‌కు 0.82, గ్లైసిన్‌కు 0.64, ఆస్పార్టిక్ ఆమ్లానికి 0.60. ఎంజైమ్‌లో ఏది ఎక్కువుంటే లెక్క అటు మొగ్గుతుంది. అణువు ముడుచుకున్న తీరును ఇందులో అసలు పట్టించుకోకపోయినా, ఫలితం కొలతకు దగ్గరగా రావడం నాకు ఇప్పటికీ వింతగానే అనిపిస్తుంది.

1.35ను ఇంటింటి అంకె చేసింది మాత్రం స్ఫటికాలను చదివేవారు. 1968లో బ్రయన్ మాథ్యూస్ 116 ప్రొటీన్ స్ఫటిక రూపాలను పరిశీలించి, వాటిలో ద్రావకం 27 నుంచి 65 శాతం వరకు, ఎక్కువసార్లు 43 శాతం దగ్గర ఉంటుందని చూపాడు. ఆ లెక్కలో వాడిన పాక్షిక విశిష్ట ఘనపరిమాణం 0.74, అంటే సాంద్రత 1.35. అదే మాథ్యూస్, మైకేల్ క్విలిన్‌తో కలిసి 2000లో అణువుల నిర్మాణాల నుంచి నేరుగా ఘనపరిమాణం లెక్కగట్టి, సగటు సాంద్రత 1.43 అని తానే సవరించాడు. నాలుగేళ్ల తర్వాత బ్రెజిల్ శాస్త్రవేత్తలు సాంద్రత అణుభారాన్ని బట్టి మారుతుందని, పెద్ద ప్రొటీన్లకు 1.41 దగ్గర ఆగినా చిన్నవాటికి పెరుగుతుందని సూత్రం ఇచ్చారు.

కోడిగుడ్డు తెల్లసొనలోని లైసోజైమ్ అనే ఎంజైమ్‌నే తీసుకుందాం. దాని అణుభారం 14,300. ఆ సూత్రం ప్రకారం సాంద్రత 1.46. దీనితో లెక్కిస్తే ఒక్కో అణువుకు 16.3 ఘన నానోమీటర్ల చోటు, 1.35తో లెక్కిస్తే 17.6. ఇక్కడ ఎనిమిది శాతం తేడా ఉన్నా, అణువును గుండ్రమనుకుని వ్యాసార్ధం కడితే ఒకటి 1.57, మరొకటి 1.61 నానోమీటర్లు. పరిమాణం తెలిస్తే చాలనుకునేవారికి పాత అంకెతోనే పని జరిగిపోతుంది, సెంట్రిఫ్యూజ్ దగ్గర కూర్చున్నవారికి జరగదు. చక్కెర గొలుసులు అతుక్కున్న ఎంజైమ్ అయితే ఆ భాగానికి పాక్షిక విశిష్ట ఘనపరిమాణంగా విడిగా 0.62 దగ్గరి విలువ కలపాల్సిందే, లేకపోతే ఏ సగటు వాడినా అణుభారం తప్పుతుంది.