గోపాల్‌పూర్ నుంచి సోనాపూర్ దాకా తీరం నడక: అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని బరంపురం నుంచి మనవాళ్లను చిన్న గుంపులుగా తీరం నడకకు తీసుకెళ్తుంటాను. గోపాల్‌పూర్‌లో మొదలుపెట్టి దక్షిణంగా బాహుదా నది మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దగ్గరున్న సోనాపూర్ దాకా ఇరవై కిలోమీటర్ల పైచిలుకు, ఒక రోజు పని. ముందురోజు ఫోన్లో వినే మాటలు దాదాపు ఎప్పుడూ ఇవే.

"ఇసకేగా, చదునుగా ఉంటుంది."
ఉండదు. ఒడ్డు సముద్రం వైపు వాలి ఉంటుంది. దక్షిణానికి నడిస్తే ఎడమకాలు రోజంతా పల్లంలోనే పడుతుంది, సాయంత్రానికి తుంటి చెబుతుంది. పొడి ఇసకలో అడుగు దిగిపోతుంది కాబట్టి ఆటు సమయంలో బయటపడే గట్టి తడి ఇసకే మన రోడ్డు. ఆ వేళ రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. కిందటి వారం టైమ్ ఈ వారం పనికిరాదు.

"మొగ దగ్గర మోకాలి లోతే, దాటేద్దాం."
ఈ మాట ఒకప్పుడు నేనే అన్నాను. దారిలో ఒక ఉప్పుటేటి మొగ దగ్గర, కిందటిసారి దాటిన చోటే కదా అని ముందు నేను దిగాను. నాలుగో అడుగుకి నడుము దాకా నీళ్లు, కాలి కింద ఇసక జారిపోతోంది. బ్యాగు, ఫోను, ఉప్మా డబ్బా అన్నీ తడిసిపోయాయి. ఒడ్డున చేపలు ఆరబెడుతున్న ముసలమ్మ నవ్వింది: "నిన్న ఉన్న కాడే ఇయాల ఉంటాదేటి బాబూ మొగ?" పోటు, అలలు, వరద కలిసి ఇసక దిబ్బను అటూ ఇటూ తోస్తూనే ఉంటాయి. ఇప్పుడు జాలర్లను అడక్కుండా దిగను. తెప్ప ఉంటే ఎక్కేస్తాం, లేకపోతే లోపలికెళ్లి చుట్టూ తిరిగొస్తాం.

"ఒడియా రాదండీ, ఎలా?"
ఒడియావాళ్లు నోలియాలు అని పిలిచే ఈ జాలర్లు ఇంట్లో మాట్లాడేది తెలుగే. 1936 ఏప్రిల్ 1 దాకా ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీ.

"చల్లగాలికి దాహమెక్కడ?"
గాలికి చెమట ఆరిపోతుంది, అంతే. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, ఉప్పు వేసిన మజ్జిగ.

"అక్కడ చరిత్ర ఏముంది, కోణార్క్ వెళ్తే సరి."
మన ఊళ్లలో "రంగం పోయాడు" అనే మాట విన్నారా? ఆ రంగం రంగూనే. కూలి పనికి బర్మా వెళ్లిన ఎంతోమంది స్టీమర్ ఎక్కింది గోపాల్‌పూర్ రేవులోనే. ఇంకా ఉత్తరాన పాలూరు ఉంది. రెండో శతాబ్దంలో గ్రీకు భూగోళవేత్త టాలెమీ రాసిన పలూర అదేనని చాలామంది చరిత్రకారుల మాట. తూర్పు దేశాలకు వెళ్లే ఓడలు ఆ దగ్గర్లోనే తీరం వదిలేవట.

"మార్చిలో టార్చి వేసుకుని తాబేళ్లను చూద్దాం."
వద్దు. గుంపుగా గుడ్లు పెట్టేది ఉత్తరాన రుషికుల్య మొగ దగ్గర. మనవైపు ఒకటీ అరా వస్తాయి. వెలుతురు పడితే తల్లి గుడ్లు పెట్టకుండానే వెనక్కి పోవచ్చు, పిల్లలైతే సముద్రం అనుకుని దీపం వైపు పాకుతాయి.

సోనాపూర్‌లో ఆగిపోతాం. బాహుదా అవతల ఇచ్ఛాపురం మండలం. పడవతను "దాటించేస్తాను రండి" అంటాడు గానీ మా బండి ఇవతలి ఒడ్డునే ఉంటుంది.