టర్బో వెనక పైపు: ఈ పేచీ ఎక్కడ మొదలైంది?

టర్బో కారు స్పీడు పెంచాలనుకునేవాళ్ళు ముందు చెయ్యి వేసేది డౌన్‌పైప్ మీదే. టర్బోలోంచి పొగ బయటికొచ్చే మొదటి పైపు అది. దాన్ని విప్పేసి, స్టెయిన్‌లెస్ స్టీలులో మూడంగుళాల పైపు కొలిచి చేయించుకుంటారు. చట్టం ముట్టుకోవద్దనేది కూడా ఆ పైపునే.

స్విస్ ఇంజినీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూషి 1905లో టర్బోకి పేటెంటు తీసుకున్నాడు. వృథాగా పోయే పొగతో ఒక చక్రాన్ని తిప్పి, ఆ బలంతో ఇంజిన్‌లోకి గాలి కుక్కడం ఆయన ఆలోచన. అమ్మకపు కార్లలోకి అది 1962లో, అమెరికాలో ఓల్డ్స్‌మొబిల్ జెట్‌ఫైర్, షెవర్లే కోర్వేర్‌లతో వచ్చింది. చక్రం జోరుగా తిరగాలంటే దాని ముందు ఒత్తిడి ఎక్కువగా, వెనక తక్కువగా ఉండాలి. వెనక పైపు ఇరుకైతే టర్బో గొంతు నొక్కినట్టే. పైపు వెడల్పు చేస్తే టర్బో బండికి అంత తేడా తెలిసేది ఇందుకే.

పొగలోని విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ (క్యాట్‌కాన్) కథ వేరే దారిలో నడిచింది. అమెరికాలో 1975 మోడల్ కార్లతో మొదలై, మన దగ్గర 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాల కొత్త పెట్రోలు కార్లకు తప్పనిసరైంది. అప్పట్లో అది చాలా కార్లలో అడుగున, ఇంజిన్‌కి దూరంగా ఉండేది. చిక్కేమిటంటే, 250–300 డిగ్రీల వేడెక్కితే గానీ అది పని మొదలుపెట్టదు. ఆలోపు విషమంతా బయటికే. నిబంధనలు బిగిసేకొద్దీ కంపెనీలు దాన్ని ఇంజిన్ దగ్గరికి జరిపాయి. టర్బో బండ్లలో వేడి కొంత టర్బోనే తాగేస్తుంది కాబట్టి, తీసుకెళ్ళి టర్బో వెనకే బిగించాయి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చేనాటికి చాలా కార్లలో డౌన్‌పైప్, క్యాట్‌కాన్ ఒకే ముక్క. పైపు విప్పితే క్యాట్‌కాన్ కూడా ఊడి చేతికొస్తుంది.

ఆ పైపు చేసే చేతుల మీద నాకు గౌరవం ఉంది. ఎస్ఎస్ 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు పైపును ముక్కలుగా కోసి, వంపు కుదిర్చి టిగ్ వెల్డింగ్ చేస్తారు. వెల్డింగ్ జరుగుతున్నంతసేపూ పైపు లోపలికీ ఆర్గాన్ వాయువు వదలాలి. లేకపోతే లోపలి అతుకు మాడి, నల్లగా గరుకుదేలుతుంది. ఇంజిన్ ఊగుతుంది కాబట్టి మధ్యలో ఫ్లెక్స్ పైపు పెట్టకపోతే అతుకు పగులుతుంది. ఇంత పనితనంతో చేసి, లోపల క్యాట్‌కాన్ లేని ఉత్త పైపు బిగిస్తే నాకు మనసొప్పదు. క్యాట్‌కాన్ లేదని వెనక ఆక్సిజన్ సెన్సర్ పట్టేసి చెక్ ఇంజిన్ లైటు వెలిగిస్తుంది. ఇంజిన్ కంప్యూటర్ ప్రోగ్రాం మార్చే రీమ్యాప్‌లో ఆ లైటు నోరు మూయిస్తారు.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చొద్దంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఆ ఏడాది సవరణతో ఒక్కో మార్పుకి ఓనరుకి ₹5,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. కాలిఫోర్నియాలోనూ నిబంధనలు గట్టివే. కానీ కాలుష్యం పెరగదని పరీక్షలో తేలిన విడిభాగానికి అక్కడ అనుమతి నంబరు ఇస్తారు. మన దగ్గర సీఎన్‌జీ కిట్లకు ఆ తోవ ఉంది. పొగకి తక్కువ అడ్డుపడే హై-ఫ్లో క్యాట్‌కాన్ పెట్టి చేసిన పైపులకూ అలాంటిది కావాలి. ప్రస్తుతానికి షాపులో ఉత్త పైపే చవక.

పొద్దున్నే అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో అలాంటి కారు స్టార్ట్ చేస్తే ఐదు నిమిషాల తర్వాత కూడా కళ్ళు మండుతాయి. స్కూలు బస్సు కోసం పిల్లలు నిలబడేది ఆ ర్యాంపు పక్కనే.